బొట్టెట్టి పిలవని పెళ్లి

యువరాజుకి పెళ్లి కుదిరిందన్న సంగతి, ఊరందరికీ తెలిశాక ఆఖర్న యువరాజుకి తెలిసింది.

చెప్పింది నిమ్మాడలో ఉన్న మేనత్త రత్నాలమ్మ. అదీ ఫోన్లో.

"ఒరే యువరాజూ, బాగున్నావా అని అడగడానికి ఫోన్ సెయ్యనేదు. తిట్టడానికి సేసినాను."

"ఏటత్తా? ఏటైంది?"

"ఏటైందా! మేనల్లుడి పెళ్లి కబురు నాను సెల్లులో సూసుకోవాలేటి? గుర్రం ఎక్కినావు. ఏనుగులు దండలేసినాయి. సముద్రం సీలిపోయి నీకు దారిచ్చినాది. అంత దారి దొరికినోడికి నిమ్మాడొచ్చి అత్తకి బొట్టెట్టి పిలవడానికి దారి దొరకనేదేటి?"

యువరాజు కుర్చీలోంచి సగం లేచాడు. "అత్తా, అది పెళ్లి కాదు. శాంపిల్ వీడియో!"

"శాంపిలో గీంపిలో నాకు తెలీదు. బొట్టెట్టకుండా నాను రాను" అని రత్నాలమ్మ ఫోన్ పెట్టేసింది.

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా, మందుల షాపు మేడ మీద ఉంటుంది యువరాజు కొట్టు. 'యువరాజు డిజిటల్స్: ఏఐ వీడియోలు, రీల్స్, శుభలేఖలు' అని బోర్డు. లోపల ఒక కంప్యూటరు, ఒక రింగ్ లైటు, తిరిగినప్పుడల్లా మూలిగే ఒక ఫ్యాను. ఈ సరంజామాతోనే అతను చాలా అద్భుతాలు చేశాడు. మొదటి పుట్టినరోజు పిల్లాడికి రెక్కలు మొలిపించాడు. కొబ్బరితోట రైతుని హెలికాప్టర్లోంచి సొంత తోటలోకి దింపాడు. వార్డులో పోటీ చేద్దామనుకుంటున్న ఒకాయన్ని రెండు సింహాల మధ్య నడిపించాడు. ఆయన భార్య అది చూసి, పిల్లి అడ్డం వస్తే ఇంట్లోకి వచ్చేసే మనిషి ఈయనేనా అని పొట్ట చెక్కలయ్యేలా నవ్విందట.

పెళ్లిళ్ల సీజన్ కదా అని యువరాజు ఒక శాంపిల్ శుభలేఖ వీడియో చేసి తన పేజీలో పెట్టాడు. పెళ్లికొడుకు మొహానికి తన ఫోటోనే వాడుకున్నాడు. పెళ్లికూతుర్ని మాత్రం 'ఉద్దానం అమ్మాయి, కొబ్బరితోట, గాలి' అని టైపు చేసి ఏఐని అడిగాడు. అది పాలమీగడ రంగులో ఒక పిల్లనిచ్చింది. ఆ పిల్ల వెనకాల కొబ్బరిచెట్లకి జీడిపళ్లు కాశాయి. యువరాజు అది గమనించలేదు. పుట్టిన దగ్గర్నించీ ఆ రెండు చెట్ల మధ్యే బతుకుతున్న జనం కూడా గమనించలేదు. ఎదురుగా పెళ్లికూతురుంటే చెట్టు వైపు ఎవరు చూస్తారు?

అంతవరకూ అయితే ఏ గొడవా ఉండకపోను. నందిగాం రమణమూర్తిగారి చిన్నమ్మాయి సంజన ఓణీల ఫంక్షనుకి కిందటి నెల తను చేసిన వీడియోనే కాపీ చేసి, పైన ఫోటోలు మార్చి, సంజన పేరు తీసేసి తన పేరు వేశాడు. అడుగున ఉన్న 'ఆహ్వానించువారు: రమణమూర్తి, కమలకుమారి, నందిగాం' అన్న లైను మార్చడం మర్చిపోయాడు. 'ఇది శాంపిల్ మాత్రమే' అని ఆఖర్న చిన్న అక్షరాల్లో వేశాడనుకోండి. రీలుని ఆఖరిదాకా చూసే ఓపిక ఎవరికుంది?

ఆ తప్పు అతనికి తెలియజెప్పడానికి ఆ మధ్యాహ్నమే మేడమెట్ల మీద గబగబా అడుగుల చప్పుడైంది.

తలుపు తోసుకుని ఒకమ్మాయి వచ్చింది. నలుపు, మంచి పొడుగు. చేతిలో హెల్మెట్టు. పొలంగట్టు కోసం కొట్టుకుంటున్న అన్నదమ్ముల్ని చూపుతోనే విడదీసే కళ్లు.

"యువరాజంటే ఎవరు?"

"నేనేనండి. కూర్చోండి. పుట్టినరోజు వీడియోనా, పెళ్లిదా?"

"పెళ్లిదే. నాదే. నీతోనట!"

యువరాజు మౌసు కిందపడింది.

"నా పేరు సుస్మిత. నందిగాం రమణమూర్తిగారి పెద్దమ్మాయిని. సచివాలయంలో సర్వేయర్ని. పొద్దున్న పొలం కొలవడానికి ఎల్తే, రైతులు సరిహద్దు సంగతి వదిలీసి పెళ్లికి ఏ కూర పెడతన్నారని అడుగుతన్నారు. ఏటిదంతా?"

యువరాజు వీడియో తెరిచాడు. అడుగు లైను చదివాడు. అతని మొహంలో రంగు దిగిపోయింది. "తప్పు నాదేనండి. కానీ మేడమ్, అందులో మొహం మీది కాదు కదా!"

"ఆ మాటే నేనూ అన్నాను. ఏటన్నారో తెలుసా? 'ఫిల్టరేసినారు కాబోలమ్మా, ఈ రోజుల్లో సొంత మొహంతో ఎవులుంటన్నారు' అన్నారు."

 ఆ చుట్టుపక్కల జనానికి ఆ అలవాటు చేసింది యువరాజే.

"ఇప్పుడే డిలీట్ చేసేస్తానండి. మీ వాళ్లందరికీ ఫోన్ చేసి చెప్తాను."

"ఫోన్ చెయ్యడం అయిపోయింది. పెళ్లి లేదంటే మా అత్తలు నమ్మడం లేదు. బొట్టెట్టి పిలవడానికి బద్ధకమై లేదంటన్నావు అంటన్నారు." ఆమె హెల్మెట్టు బల్ల మీద పెట్టింది. గొంతు కొంచెం తగ్గింది. "ఆదివారం రావివలస నుంచి నన్ను చూడ్డానికొస్తామన్నోళ్లు, ఇదేటండీ అని నాన్నని అడిగినారు. నాన్న పొద్దున్నుంచీ అన్నం తిన్లేదు."

యువరాజుకి అప్పటిదాకా ఉన్న భయం పోయి సిగ్గేసింది. "నన్నేం చెయ్యమంటారో చెప్పండి. చేస్తాను."

"అనుమానమున్నోళ్ల ఇళ్లన్నిటికీ రా. నీ వాళ్లవీ, మా వాళ్లవీ. మనిద్దరం ఎదురుగా నిలబడి పెళ్లి లేదని చెప్పాలి. ఆదివారం లోపల."

ఈ ఉపాయంలో ఉన్న లోపం అప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. ముందు ఆమె స్కూటీ, బాగా వెనకాల అతని బైకు. పక్కపక్కన వెళ్తే చూసినవాళ్లు ఏమనుకుంటారో అని ఆమే పెట్టిన దూరం అది. యువరాజు ఆ దూరాన్ని ఒక్క గజం కూడా తగ్గించలేదు. సర్వేయర్ కదా, కొలుస్తుందని భయం.

నిమ్మాడలో రత్నాలమ్మ వాళ్లని వాకిట్లోనే ఆపింది. లోపలికెళ్లి కుంకుమ తెచ్చి, ముందు సుస్మితకి బొట్టు పెట్టి, ఆ తర్వాత నోరు విప్పింది.

"కూకోండమ్మా. పొడుగ్గా, బాగున్నావు. వీడియోలో పొట్టిగా తీసినాడు, ఈడికి పని రాదు."

"అత్తా, అది ఈవిడ కాదు. అసలు మాకు పెళ్లి లేదు. ఆ సంగతి సెప్పడానికే వచ్చినాం."

"ఎవులొచ్చినారు?"

"మేమిద్దరం."

"పెళ్లి నేకపోతే ఇద్దరూ కలిసి ఇంటింటికీ ఎందుకు తిరుగుతన్నార్రా?"

యువరాజు సుస్మిత వైపు చూశాడు. సుస్మిత స్తంభం వైపు చూసింది. రత్నాలమ్మ వంటింట్లోకి వెళ్లి ఇద్దరికీ కాఫీ పెట్టి, ఇంకో చెంచా పంచదార ఎక్కువేసి తెచ్చింది.

అన్ని ఇళ్లలోనూ ఇదే వరస. టెక్కలిలో సుస్మిత పిన్ని, లేదన్న మాట పూర్తిగా వినకుండానే రవికెల గుడ్డ చేతిలో పెట్టింది. ఇంకొక పెద్దాయన యువరాజు భుజం తట్టి, పెళ్లికి ముందు ఇలాంటి తగువులు మామూలే బాబూ, నువ్వే తగ్గు అని సలహా ఇచ్చాడు. లేదు లేదు అని ఎంత గట్టిగా చెప్తే అంత సిగ్గుపడుతున్నారని నవ్వారు.

అయినా యువరాజు ప్రతి గుమ్మంలోనూ చేతులు జోడించి ఒకటే మాట చెప్పాడు: "తప్పు నాదండి. ఈవిడకీ వీళ్ల నాన్నగారికీ దీంతో సంబంధం లేదు." కంప్యూటరు మీదకి గానీ ఏఐ మీదకి గానీ ఒక్కసారీ నెట్టలేదు. అది సుస్మిత చూసింది. చూసినట్టు కనబడలేదు, అంతే.

ఆఖర్న ఉద్దానం. వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం వైపు తోటల్లో ఉంటుంది సుస్మిత వాళ్ల నాన్నకి పినతల్లి నీలమ్మ. అరుగు మీద కూర్చుని కత్తిపీటతో పచ్చి జీడిపిక్కలు చీల్చి పప్పు తీస్తోంది, కూరకి. వీళ్లు చెప్పిందంతా విని, ఇద్దరి ముందూ తలా ఒక గుప్పెడు పిక్కలు పోసింది.

"సేతులు ఊరికే ఉంచకండి. మాటాడుతూ తియ్యండి."

సుస్మిత చేతులకి బూడిద రాసుకుని మొదలెట్టింది. యువరాజు రాసుకోలేదు. అతనికి తెలియక కాదు. జీడిపప్పు ఊరు పలాసలో పుట్టినవాడికి జీడిసొన ఒంటికి తగిలితే కాలుతుందని వేరే చెప్పక్కర్లేదు. కానీ అప్పుడే సముద్రం మీంచి ఉన్నట్టుండి జల్లు వచ్చింది. చూరు నీళ్లు సుస్మిత భుజం మీద పడ్డాయి. ఆమె విసుక్కుంటూ అతని వైపుకి జరిగింది. ఇంక బూడిద సంగతి ఎవడికి గుర్తుంటుంది?

"ఒక మాట అడగనా?" అంది సుస్మిత. "ఆ వీడియోలో పిల్లని అంత తెల్లగా పెట్టమని నువ్వే అడిగినావా?"

"లేదండి. అదే ఇచ్చింది."

"అడక్కుండానే ఇచ్చిందన్నమాట." ఆమె పిక్క చీల్చింది. "కిందటేడు స్టూడియోలో నా పెళ్లిచూపుల ఫోటో తీసినారు. గోడకి సున్నం కొట్టినట్టు కొట్టీసి పంపినారు. వచ్చినోళ్లు ఇంట్లోకొచ్చి, నేను కాఫీ ఇస్తుంటే, పెళ్లికూతుర్ని పిలవండి అన్నారు."

చెప్పేసి నవ్వింది. యువరాజుకి నవ్వు రాలేదు. అలాంటి ఫోటోలు తనెన్ని చేశాడో గుర్తొచ్చి, తెలియకుండానే చేత్తో మూతి తుడుచుకున్నాడు.

"ఓరి గుంటడా!" నీలమ్మ అరిచింది. "సొన సేత్తో మూతి తుడుసుకున్నావేటి! రేపు సూసుకో అద్దంలో." లోపల్నించి కొబ్బరినూనె తెచ్చి పెట్టింది. అప్పుడు అసలు మాట అంది. "ఇల్లిల్లూ తిరగడమెందుకర్రా మీకు? ఆ సెల్లులో వచ్చినాది కదా, ఆ సెల్లులోనే నేదని సెప్పీండి. అందరూ ఒకేపాలి సూసుకుంటారు."

 వీడియోలు చేసి బతికేవాడికి ఆ మాత్రం ఎందుకు తట్టలేదో యువరాజుని అడగాలి. సుస్మితకి ఎందుకు తట్టలేదో ఆవిడనే అడగాలి.

వాన వెలిశాక అక్కడే ఫోన్‌లో రికార్డు మొదలెట్టారు. సుస్మిత ఒక్క టేకులో పూర్తి చేసింది: "నేను సుస్మితని. ఆ వీడియోలో ఉన్నది నేను కాదు. నా మొహం ఇది."

తర్వాత యువరాజు. "నాకూ సుస్మితగారికీ పెళ్లి..." దగ్గొచ్చింది. "నాకూ సుస్మితగారికీ పెళ్లి..." మేక అడ్డొచ్చిందన్నాడు. "నాకూ సుస్మితగారికీ..."

"లేదు అన్న ముక్క దగ్గరే ఆగిపోతన్నావేటి?"

"గాలి ఎక్కువగా ఉందండి. మైకు పట్టట్లేదు."

చెట్టు మీద ఒక్క ఆకు కదలడం లేదు. సుస్మిత చెట్టు వైపు చూసింది, అతని వైపు చూసింది, ఫోన్ అతని చేతిలో పెట్టేసింది. "సరే. నీ ముక్క నువ్వు కొట్లో తీసుకో. రేపు సాయంత్రానికి పెట్టీ."

మర్నాడు పొద్దున్న అద్దంలో యువరాజు మూతి చూస్తే, పై పెదవి స్థానంలో ఇడ్లీ ఉంది. దాని మీద నల్లటి మచ్చ.

సుస్మిత ఫోన్ చేసింది. "మూతి ఎలాగుంది?"

"బాగా వాచిందండి. టీ తాగుతుంటే కారిపోతోంది."

అవతల నవ్వు ఆపుకుంటున్న చప్పుడు. "కొబ్బరినూనె రాసుకో" అని పెట్టేసింది. యువరాజు ఆ ఫోన్‌ని చాలాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాడు.

ఇంట్లో వాళ్లమ్మ, పేరు పెద్దతల్లి, జీడి ఫ్యాక్టరీకి వెళ్లబోతూ ఆ పెళ్లి వీడియోనే మళ్లీ చూసుకుంటోంది. డిలీట్ చేసినా ఎవరో పంపారు. "పిల్ల మరీ తెల్లగా ఉన్నాదిరా. మన ఎండకి తట్టుకుంటాదేటి?" అని బెంగగా అడిగింది. అమ్మా, ఆ పిల్ల లేదే అని చెప్పడానికి యువరాజు నోరు తెరిచాడు. తల్లి మొహం చూసి, "మూతి నొప్పే" అని కొట్టుకి వెళ్లిపోయాడు.

కొట్లో సుస్మిత క్లిప్పు తెరిచాడు. చెయ్యి అలవాటుగా బ్యూటీ బటన్ నొక్కింది. తెర మీద మొహం తెల్లబడింది, ముక్కు సన్నబడింది, చెంప మీది చిన్న మచ్చ పోయింది. నీలమ్మ అరుగు మీద, తడిసిన భుజంతో కూర్చుని నవ్విన మనిషి ఎక్కడా లేదు. యువరాజుకి గాభరా వేసింది. నొక్కిందంతా వెనక్కి తీసేశాడు. ఆఖరికి రంగులు కూడా సరిచెయ్యకుండా వదిలేశాడు.

తన వంతు వచ్చేసరికి ఇడ్లీ మూతి. అదొక వంక దొరికింది. ఏఐకి పాత ఫోటో ఇచ్చి, తన గొంతు నకలు పెట్టి, మాట టైపు చేశాడు. తెర మీద యువరాజు చక్కగా నవ్వి, 'నాకూ సుస్మితగారికీ పెళ్లి లేదు. మాకు ఏ సంబంధమూ లేదు' అని ఎక్కడా ఆగకుండా చెప్పేశాడు. అసలు యువరాజు అది చూసి, వీడికి ఎంత ధైర్యం అని తిట్టుకుని, పేజీలో పెట్టేశాడు.

వీడియో బ్రహ్మాండంగా పనిచేసింది. అందరూ నమ్మారు. రావివలస వాళ్లు సంతోషించి, ఆదివారం తప్పకుండా వస్తామని రమణమూర్తిగారికి కబురు పెట్టారు. యువరాజు జీవితంలో ఇంతగా హిట్టయిన వీడియో లేదు, ఇంత ఏడిపించిందీ లేదు.

శనివారం సాయంత్రం పెద్దతల్లి వాకిట్లో చాట పట్టుకుని బియ్యం ఏరుతోంది. యువరాజు మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నులకమంచం మీద పడున్నాడు. స్కూటీ వచ్చి ఆగింది.

సుస్మిత దిగింది. హెల్మెట్టు తీసి స్కూటీకి తగిలించింది. చేతిలో చిన్న కుంకుమ భరిణె.

"నమస్తే అమ్మా. నేను సుస్మితని" అని పెద్దతల్లితో చెప్పి, యువరాజు వైపు తిరిగింది. "ఇదే ఆఖరి ఇల్లు. ఇక్కడ చెప్పడం మిగిలిపోయింది కదా. చెప్పు."

యువరాజు లేచి నిలబడ్డాడు. "వీడియోలో చెప్పేశాను కదండీ."

"తువ్వాలు తియ్యి."

తీశాడు. పెద్దతల్లి అయ్యో అంది.

"టీ కారిపోతోందని ఆ పొద్దున్న ఫోన్లో ఏడ్చిన మనిషి, ఆ సాయంత్రానికి వీడియోలో పువ్వులా ఎలా నవ్వినాడు? ఆ ముక్క చెప్పింది నువ్వు కాదు. మిషను."

"ఈ మూతితో బాగోదనీ..."

"నీలమ్మ మామ్మ ఇంటి దగ్గర నీ మూతి బాగానే ఉంది. అప్పుడెందుకు చెప్పలేదు?"

యువరాజు కాళ్ల వైపు చూసుకున్నాడు.

"పోనీ ఇది చెప్పు. నీ మొహం అంత తోమినోడివి, నా మొహానికి ఏటీ చెయ్యలేదేటి?"

"చెయ్యబుద్ధి కాలేదండి. ఒకసారి బటన్ నొక్కాను. మీరు కనబడ్డం మానేశారు. భయమేసి తీసేశాను."

 సుస్మిత భరిణె మూత ఒకసారి తెరిచి మళ్లీ మూసింది.

"నన్ను నన్నుగానే ఉంచి, నువ్వు మాత్రం తప్పించుకున్నావు" అంది, కోపంగా అనబోయి కుదరక. "ఇప్పుడు మీ అమ్మ ముందు, నీ సొంత మూతితో చెప్పు. పెళ్లి లేదను, ఎల్లిపోతాను. రేపు రావివలసోళ్లు వస్తన్నారు."

ఎఫెక్టులు లేవు. మ్యూజిక్ లేదు. పక్కింటి కోడి ఒకటి మధ్యలోంచి నడిచి వెళ్లింది. యువరాజు వాచిన పెదవితోనే మొదలెట్టాడు.

"చెప్పలేనండి. నాకు మీరంటే ఇష్టం. నిమ్మాడలో మా అత్త బొట్టెడితే మీరు చెరిపేసుకుంటారనుకున్నాను. టెక్కలి వచ్చినా చెరపలేదు. అప్పట్నించీ ఇష్టం. రేపు వాళ్లొస్తే నేనేమైపోతానో నాకే తెలీదు."

మాటలు సగం గాలిగానే వచ్చాయి. అయినా ఒక్కటీ అర్థం కాకుండా పోలేదు.

సుస్మిత మొహం పక్కకి తిప్పుకుని పెద్దతల్లి దగ్గరికి వెళ్లింది. చాట పక్కన గొంతుక్కూర్చుని, భరిణె తెరిచి, ఆమె నుదుట బొట్టు పెట్టింది.

"అత్తా, రేపు మా ఇంటికి రండి. మీ అబ్బాయిని కూడా తీసుకురండి."

"మరి రావివలసోళ్లు?" అన్నాడు యువరాజు.

"రావడం లేదు. పొద్దున్నే నాన్న చేత వద్దనిపించీసినాను. అబద్ధాలు నువ్వొక్కడివే ఆడాలేటి?"

"మీ నాన్నగారు ఒప్పుకున్నారా?"

"ముందు అరిచినారు. తర్వాత కూకుని ఆలోచించినారు. 'చుట్టాలందరూ ఆ గుంటడినే అల్లుడనీసినారు. ఇప్పుడు కాదని మళ్లీ ఇంటింటికీ ఎవులు తిరుగుతారే' అన్నారు."

పెద్దతల్లి ఇదంతా సగమే విన్నది. ఆమె సుస్మితనే చూస్తోంది. చెయ్యి పట్టుకుని మణికట్టు తిప్పి చూసింది, ఎండకి కమిలిన ముంజేతిని నిమిరింది.

"వీడియోలో పిల్ల నువ్వు కాదేటమ్మా?"

"కాదత్తా."

"బతికించినావు. అది ఎండలో నిలబడితే కరిగిపోద్దేమోనని బెంగెట్టుకుని సచ్చిపోతన్నాను." యువరాజు ఫోన్ కోసం జేబులో చెయ్యి పెట్టడం చూసి కసిరింది. "అది లోపలెట్టి, పిల్లకి పీటెయ్యిరా ముందు!"

మర్నాడు నందిగాంలో పెళ్లిచూపులు జరిగాయి. ముందుగా ఎవరో ఒకరు వెళ్లి నిమ్మాడలో రత్నాలమ్మకి బొట్టెట్టి పిలవాల్సి వచ్చింది. నేను పెట్టిన బొట్టు లెక్కలోకి రాదు, నాకు పెట్టాలి అని ఆవిడ పట్టుబట్టింది. అందరూ కలిసి సంజన చేత ఒక ఫోటో తీయించుకున్నారు. అందులో సుస్మిత నల్లగా, పొడుగ్గా నవ్వుతూ ఉంటుంది. పక్కన యువరాజు మూతి ఇంకా వాచే ఉంటుంది. ఆ ఫోటో ఇప్పుడు కాశీబుగ్గ కొట్లో కంప్యూటరు పైన గోడకి ఉంది. దాన్ని ఎవరూ ఎడిట్ చెయ్యలేదు.